ఎలక్ట్రిక్ బైకుకు ఎంత కరెంటు కాలుతోంది?

ఎలక్ట్రిక్ బైకు కొన్నవారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఎంతిస్తోంది?" రెండోది "కరెంటు బిల్లు ఎంత పెరిగింది?" మొదటిదానికి జవాబు బండి డిస్‌ప్లే మీదే ఉంటుంది. రెండోదానికి ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. షోరూములో కిలోమీటరుకు పావలా కూడా పడదంటారు. పక్కింటాయన నెలకు రెండు వందలంటాడు. అపార్ట్‌మెంటు సెక్రటరీ సెల్లారు మీటరు చూపించి ఇంకో లెక్క తీస్తాడు. చిత్రమేమిటంటే వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పకపోవచ్చు. ఒకే బండి, ఒకే దూరం, ఒకే రాష్ట్రం అయినా నెల ఖర్చు ఒకింట్లో రూ. 124 ఉంటుంది, పక్కింట్లో రూ. 450 అవుతుంది. కొన్ని ఇళ్లలో వెయ్యి కూడా దాటుతుంది.

అందుకే ఈ లెక్కను రెండు ముక్కలుగా చేయాలి. బండి గోడలోని ప్లగ్గు నుంచి ఎన్ని యూనిట్లు లాగుతోందన్నది మొదటి ముక్క. దాన్ని కొలవవచ్చు, పెద్ద కష్టం కాదు. ఆ యూనిట్లు మీ ఇంటి బిల్లులో ఏ రేటు దగ్గర పడుతున్నాయన్నది రెండోది. జనం పొరపాటు పడేది ఎక్కువగా ఇక్కడే.

మొదటి ముక్కకు 2019లో మార్కెట్లోకి వచ్చిన రివోల్ట్ ఆర్‌వి 400 బైకును తీసుకుందాం. దాని బ్యాటరీ 3.24 కిలోవాట్ అవర్లు, అంటే 3.24 యూనిట్లు. ఒకసారి నింపితే ఎకో మోడ్‌లో 150, నార్మల్‌లో 100, స్పోర్ట్‌లో 80 కిలోమీటర్లు వస్తుందని కంపెనీ చెప్పింది. 3,240 వాట్ అవర్లను ఆ దూరాలతో భాగిస్తే కిలోమీటరుకు వరుసగా 21.6, 32.4, 40.5 వాట్ అవర్లు. బొటనవేలి కింద ఉన్న స్విచ్చు ఒక్కటే ఖర్చును దాదాపు రెట్టింపు చేస్తుంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డం దాని వర్గంలో పెరుగుతుంది. 40 కిలోమీటర్ల వేగం నుంచి 60కి వెళితే గాలి నిరోధం రెండుంపావు రెట్లు. పెట్రోలు బండికి ట్రాఫిక్ జామ్ శత్రువు, మైలేజీ పడిపోతుంది. ఎలక్ట్రిక్ బండికి అది పెద్ద బాధ కాదు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మోటారు ఏమీ తినదు. దాని జేబుకు చిల్లు పెట్టేది ఖాళీ రోడ్డే.

అయితే ఇవి బ్యాటరీ లోపలి అంకెలు. డబ్బు కట్టేది మీటరు గుండా వెళ్లిన కరెంటుకు. గోడలో వచ్చే 230 వోల్టుల ఏసీని ఛార్జరు డీసీగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. ఆ పనిలో కొంత వేడిగా పోతుంది. ఛార్జింగ్ జరుగుతుండగా ఛార్జరు మీద చెయ్యి పెట్టి చూస్తే ఆ నష్టం చేతికి తెలుస్తుంది. బ్యాటరీ కూడా పుచ్చుకున్నదంతా తిరిగివ్వదు. లిథియం బ్యాటరీ ఉన్న బండిలో గోడ నుంచి తీసుకున్న 100లో 85 నుంచి 90 వరకూ చక్రానికి పనికొస్తుందని అనుకుంటే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. 87 దగ్గర పెట్టుకుంటే, 3.24 యూనిట్ల బ్యాటరీ నిండడానికి మీటరు మీద సుమారు 3.7 యూనిట్లు తిరుగుతాయి. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీల బండ్లలో ఈ నష్టం ఇంకా ఎక్కువ.

"కిలోమీటరుకు నాలుగు పైసలే" లాంటి మాట ఎలా పుడుతుందో ఇప్పుడు చూడవచ్చు. బ్యాటరీ సైజు 3.24 యూనిట్లు. దాన్ని తెలంగాణలో అన్నిటికంటే కింది రేటైన రూ. 1.95తో గుణిస్తే రూ. 6.32. దాన్ని ఎకో మోడ్ దూరమైన 150తో భాగిస్తే 4.2 పైసలు. అంకెల్లో తప్పు లేదు. అదే బండిని స్పోర్ట్ మోడ్‌లో నడిపి, ఛార్జింగ్ నష్టం కలిపి, రూ. 9.50 శ్లాబులో ఉన్న మీటరుకు తగిలిస్తే 44 పైసలు. ఇందులోనూ తప్పు లేదు. ఒకే బండి గురించి పది రెట్ల తేడాతో రెండు నిజాలు. మీ అంకె ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, దాన్ని కొలిచే పట్టుకోవాలి.

పెట్రోలు బండి మైలేజీ ఎలా చూస్తాం? ట్యాంకు ఫుల్ చేయించి, కొన్నాళ్లు తిరిగి, మళ్లీ ఫుల్ చేయించి, రెండోసారి పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగిస్తాం. ఇక్కడా అంతే. బ్యాటరీ 100 శాతం నింపి ఓడోమీటరు రాసుకోండి. ఆ తర్వాత ప్రతి ఛార్జింగుకూ ఎన్ని యూనిట్లు పట్టాయో రాస్తూ పోయి, మళ్లీ 100 శాతం నిండిన రోజున లెక్క కట్టండి. ఉదాహరణకు ఓడోమీటరు 4,210 నుంచి 4,462కు వచ్చింది, ఈలోగా ప్లగ్గు నుంచి 10.1 యూనిట్లు పోయాయి అనుకోండి. 252 కిలోమీటర్లకు 10.1 యూనిట్లు, అంటే కిలోమీటరుకు 40 వాట్ అవర్లు. ఒక్క రాత్రి ఛార్జింగు చూసి తీర్పు చెప్పకూడదు. డిస్‌ప్లే మీద కనిపించే శాతం ఒక అంచనా మాత్రమే. 40 శాతం నుంచి 80కి పట్టిన కరెంటును రెండున్నరతో గుణించి పూర్తి ఛార్జింగు లెక్క కట్టేవాళ్లున్నారు. ఆ అంచనాలోని తప్పు కూడా రెండున్నర రెట్లవుతుంది.

యూనిట్లు కొలవడానికి తేలిక దారి, సాకెట్టుకూ ఛార్జరుకూ మధ్య పెట్టే ఎనర్జీ మీటరు ప్లగ్గు. సుమారు వెయ్యి రూపాయల్లో వస్తుంది. 16 ఆంపియర్లకు తట్టుకునేదే కొనాలి. గంటల తరబడి ఒకే లోడు మోయాల్సిన చోట చిన్న ప్లగ్గులు కాళ్ల దగ్గర కరుగుతాయి. ఇక కొందరు ఎలక్ట్రీషియన్లు క్లాంప్ మీటరుతో ఆంపియర్లు చూసి, 230తో గుణించి "ఇన్ని వాట్లు" అని చెప్పేస్తుంటారు. ఛార్జరు పవర్ ఫ్యాక్టర్ తక్కువగా ఉంటే ఆ లెక్క వాస్తవం కంటే చాలా ఎక్కువ చూపిస్తుంది. మన ఇళ్ల మామూలు కనెక్షన్లకు బిల్లు వేసేది కిలోవాట్ అవర్ల మీద, కాబట్టి ఆ గుణకారాన్ని నమ్మి కంగారు పడనక్కర్లేదు.

ఏమీ కొనకుండా కూడా కొలవవచ్చు. ఇంటి మీటరు మీద ఒక ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది. దాని పక్కన ఒక యూనిటుకు ఎన్నిసార్లు మెరుస్తుందో అచ్చు వేసి ఉంటుంది. చాలా మీటర్లలో ఆ అంకె 3200. ఇంట్లో మిగతావన్నీ ఆపి, బైకు ఒక్కదాన్నే ఛార్జింగులో పెట్టి, పది మెరుపులకు ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్లో చూడండి. 11,250ని ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. పది మెరుపులకు 14 సెకన్లు పడితే బండి లాగుతున్నది దాదాపు 800 వాట్లు. మీటరు మీద 3200 కాక వేరే అంకె ఉంటే, 3.6 కోట్లను దానితో భాగించి వచ్చినదాన్ని 11,250కి బదులు వాడాలి. మొదటి మెరుపును సున్నాగా లెక్కపెట్టడం మరవకండి. బ్యాటరీ నిండబోయే ముందు మెరుపులు నెమ్మదిస్తాయి, ఛార్జరు తనంతట తాను ధార తగ్గిస్తుంది. అందుకే ఒకసారి చూసిన వాట్లను ఛార్జింగ్ గంటలతో గుణిస్తే యూనిట్లు ఎక్కువ తేలతాయి.

రాత్రి పడుకునే ముందు, పొద్దున లేచాక మీటరు రీడింగు చూసే పద్ధతిలో రెండు చిక్కులు. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, ఇన్వర్టరు కూడా అదే మీటరు తిప్పుతుంటాయి కాబట్టి, బైకు లేని రాత్రి ఎన్ని యూనిట్లు తిరిగాయో చూసి తీసేయాలి. రెండోది దశాంశం. డిస్‌ప్లే పూర్తి యూనిట్లనే చూపించే మీటరులో ఒకటిన్నర యూనిట్ల ఛార్జింగును కొలవడం కుదరదు. నెల మొత్తం మీద చూస్తే ఆ తప్పు మాయమవుతుంది.

ఒక చిన్న దొంగ కూడా ఉన్నాడు. బండి నిండాక కూడా ఛార్జరును ప్లగ్గులో అలాగే వదిలేస్తే కొన్ని వాట్లు లాగుతూనే ఉంటుంది. అయిదు వాట్లే అనుకున్నా, రోజుకు ఇరవై గంటలు, నెలకు మూడు యూనిట్లు. స్విచ్చు ఆపితే పోయే ఖర్చు. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు ఇంకో దొంగ. ఇరవై మీటర్ల సన్న వైరులో నాలుగు ఆంపియర్లు పోతే దాదాపు 15 వాట్లు వేడవుతాయి. డబ్బు పరంగా అది రెండు శాతం లోపే, కానీ ఆ వేడి ఒక వదులు జాయింటు దగ్గర పోగయితే ప్రమాదం డబ్బుది కాదు.

సరే, కిలోమీటరుకు 40 వాట్ అవర్లన్న అంకె పట్టుకుని ముందుకు పోదాం. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే మనిషి నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాడనుకుంటే 40 యూనిట్లు. ఇక అసలు కథ బిల్లులో ఉంది.

దాదాపు అందరూ చేసే పని, మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి సగటు రేటు తీసి, దాన్ని 40తో గుణించడం. ఇది తప్పు. బైకు లేకపోతే బిల్లు ఎంత, ఉంటే ఎంత, ఈ రెండింటి తేడాయే బైకు ఖర్చు. బిల్లును రెండుసార్లు కట్టి చూడాలి. తెలంగాణలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ శ్లాబు మారితే పాత యూనిట్ల రేటు కూడా మారిపోతుంది. 2022లో ఖరారైన యూనిటు రేట్లే 2025-26లోనూ కొనసాగాయి. నెల వాడకం 100 యూనిట్ల లోపుంటే మొదటి 50కి రూ. 1.95, తర్వాతి 50కి రూ. 3.10. వంద దాటి 200 లోపుంటే మొదటి వందకు రూ. 3.40, రెండో వందకు రూ. 4.80. రెండు వందలు దాటితే మొదటి 200కూ రూ. 5.10, ఆపై 300 వరకు రూ. 7.70, 400 వరకు రూ. 9, 800 వరకు రూ. 9.50.

సరిగ్గా 200 యూనిట్లు కాల్చిన ఇంటికి ఎనర్జీ ఛార్జీ రూ. 820. 201 కాల్చిన ఇంటికి రూ. 1,027.70. ఆ ఒక్క యూనిటు ఖరీదు రూ. 207.70.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఇలాంటి గ్రూపులు లేవు. ఎంత వాడినా కింది యూనిట్లకు కింది రేటే. మొదటి 30కి రూ. 1.90, 75 వరకు రూ. 3, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6, 400 వరకు రూ. 8.75, ఆపైన రూ. 9.75.

సరిహద్దుకు అటు ఆంధ్రాలో జగ్గయ్యపేట, ఇటు తెలంగాణలో కోదాడ. రెండూ హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీదివే. రెండు ఊళ్లలోనూ నెలకు 180 యూనిట్లు కాల్చే ఇల్లు ఒక్కోటి ఉంది, ఇద్దరూ ఒకే బైకు కొన్నారు, వాడకం 220కి చేరింది. కోదాడ ఇంటి ఎనర్జీ ఛార్జీ రూ. 724 నుంచి రూ. 1,174కు పోతుంది. బైకు వాటా రూ. 450, యూనిటుకు రూ. 11.25 పడినట్టు. అది టారిఫ్ పట్టికలో ఎక్కడా కనిపించని రేటు. జగ్గయ్యపేట ఇంటిది రూ. 747 నుంచి రూ. 987కు, తేడా రూ. 240. సగటు రేటు పద్ధతిలో చూస్తే కోదాడాయనకు బైకు ఖర్చు రూ. 213 అనిపిస్తుంది, అసలుదానిలో సగం కూడా కాదు.

అలాగని ఆంధ్రా ఎప్పుడూ చవక కాదు. 250 యూనిట్ల ఇంట్లో బైకు చేరి 290 అయితే కోదాడలో రూ. 308, జగ్గయ్యపేటలో రూ. 350. అరవై యూనిట్ల చిన్న ఇంట్లో వంద అయితే కోదాడలో రూ. 124, జగ్గయ్యపేటలో రూ. 157.50. కోదాడలోనే 80 నుంచి 120కి పోయిన ఇంటికి రూ. 245.50, ఎందుకంటే ఆ ఇల్లు వంద గడప దాటింది. వీటి మీద విద్యుత్ సుంకం యూనిటుకు ఆరు పైసలు. ట్రూఅప్, ఇంధన సర్దుబాటు గడుల్లోని అంకెలు మారుతుంటాయి, మీ బిల్లు చూసి కలుపుకోండి.

ఇక్కడే ఇంట్లో తగువు మొదలవుతుంది. 200 దాటించింది బైకా, గీజరా, ఏసీయా? ప్రతి ఒక్కరూ తమది కాదనే అంటారు, లెక్క ప్రకారం అందరూ కరెక్టే. ఏది తీసేసినా 200 లోపే ఉండేవారు. మనకు కావలసింది "బైకు కొంటే అదనంగా ఎంత?" అన్న జవాబు అయితే మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు పెట్టి బైకును ఒక్కదాన్నే కలిపి చూడాలి. పైగా ఆ జవాబు ఏడాది పొడవునా ఒకటి కాదు. తెలంగాణలో డిసెంబరులో రూ. 4.80 పడిన బైకు యూనిటు, మే నెలలో ఏసీలు వాడకాన్ని 300 దాటించాక రూ. 9 అవుతుంది.

తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకం ఉన్న ఇళ్లలో లెక్క మరీ నాటకీయం. 200 లోపు జీరో బిల్లు. 180 యూనిట్ల ఇంట్లో 15 యూనిట్ల బైకు ఖర్చు సున్నా. అదే బైకు 40 యూనిట్లు తింటే ఆ నెల ఎనర్జీ ఛార్జీలే రూ. 1,174, ఫిక్స్‌డ్, కస్టమర్ ఛార్జీలు వేరే. యూనిటుకు రూ. 29 పైమాట. ఇలాంటి ఇంట్లో మీటరు రీడింగు తీసే తేదీ గుర్తుంచుకోవడం లాభసాటి. చివరి వారంలో 195 దాటిందని తేలితే, మిగిలిన పది యూనిట్లు బయట ఛార్జింగ్ కేంద్రంలో యూనిటు రూ. 15 పెట్టి నింపుకున్నా రూ. 150తో పోతుంది. బ్యాటరీ ఊడదీసే వీలున్న బండ్లకు ఆఫీసు ప్లగ్గు ఉండనే ఉంది, యజమాని ఒప్పుకుంటే.

పెట్రోలుతో పోలిక త్వరగా తేల్చేయవచ్చు. 2025లో హైదరాబాదులో లీటరు రూ. 107 దాటే ఉంది. లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బైకుకు వెయ్యి కిలోమీటర్లకు రూ. 2,140. జీరో బిల్లు పోగొట్టుకున్న అన్యాయపు నెలలో కూడా కరెంటు దాని కంటే తక్కువే. కాబట్టి శ్లాబు భయంతో బైకు మానుకోనక్కర్లేదు, ఆదా మాత్రం నెలకు తొమ్మిది వందలా, రెండు వేలా అన్నది ఇంటిని బట్టి ఉంటుంది. బ్యాటరీ అరుగుదల వేరే పద్దు. మార్చడానికి రూ. 70,000 అవుతుందనీ, అది 70,000 కిలోమీటర్లు నడిచిందనీ అనుకుంటే కిలోమీటరుకు రూపాయి, అంటే మామూలు నెలల్లో కరెంటు ఖర్చు కంటే రెట్టింపు పైనే. పైసల లెక్కలు చెప్పేవారు ఈ రూపాయిని ఎందుకో ఎత్తరు.

ఇంటి మీటరు నుంచి సొంత బండి ఛార్జింగు పెట్టుకోవడానికి వేరే కనెక్షన్ అక్కర్లేదు. కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాలు ఇంట్లో ఛార్జింగుకు గృహ టారిఫ్ వర్తిస్తుందనే చెప్పాయి. ఒక కిలోవాట్ కాంట్రాక్టు లోడున్న చిన్న కనెక్షన్లో 800 వాట్ల ఛార్జరును, గీజరును ఒకేసారి వేస్తే మాత్రం మీటరులో గరిష్ఠ డిమాండు నమోదై, లోడు పెంచుకోమని నోటీసు రావచ్చు. ఛార్జింగు రాత్రి పదకొండు తర్వాతకు మార్చితే ఆ బెడద తగ్గుతుంది.

ఇక అపార్ట్‌మెంట్లు. సెల్లారు సాకెట్టు కామన్ మీటరుది. లిఫ్టు, బోరు మోటారు, కారిడార్ లైట్లతో ఆ మీటరు 400 యూనిట్లు దాటడం మామూలే. తెలంగాణలో గృహ టారిఫ్‌లో ఉన్న అలాంటి మీటరుకు బైకు కలిపే ప్రతి యూనిటుకూ రూ. 9.50 పడుతుంది, సుంకంతో రూ. 9.56. అసోసియేషన్ సగటు రేటు తీసి వసూలు చేస్తే బైకు లేని ఫ్లాట్ల వాళ్లు కొంత భరిస్తున్నట్టు. చాలాచోట్ల గొడవెందుకని సబ్ మీటరు పెట్టకుండా బండికి నెలకింత అని ఖాయం చేస్తారు. ఆ మొత్తం రూ. 500 అనుకోండి. రూ. 9.56తో భాగిస్తే 52 యూనిట్లు, మన లెక్కలో 1,300 కిలోమీటర్లు. అంతకంటే తక్కువ తిరిగేవారు కడుతున్న దాంట్లో కొంత లిఫ్టు ఖాతాకు పోతోంది. ఎక్కువ తిరిగే డెలివరీ కుర్రాడి బండికి మిగతా ఫ్లాట్లు కడుతున్నాయి.